సాయంకాలపు పడవ

ఉత్తర అండమానులోని డిగ్లీపూరు కష్టజీవుల చేతులతో వెలసిన ఊరు. 1950ల దశాబ్దములో తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన కాందిశీకులు అక్కడ అడవి నరికి, మొద్దులు పెకలించి, వరిమళ్లు చేసికొనిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి వెళ్లిన తెలుగు జాలరులును అండమాను దీవులలో స్థిరపడిరి. పొలములోనైనను, పోకతోటలోనైనను, రేవులోనైనను, అక్కడ నేటికిని చెమట ఓడ్చి బ్రదుకువారు అనేకులు.

ఆ దీవులలో ప్రొద్దు త్వరగా క్రుంకును. మన దేశమంతటికి ఒకే గడియారము. దానికి ఆధారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. డిగ్లీపూరు సుమారు 93 డిగ్రీల యొద్ద నున్నది. కాబట్టి అక్కడ సూర్యుడు గడియారము కంటె సుమారు 42 నిమిషములు ముందు నడుచును. డిసెంబరులో 5 గంటలు కాకమునుపే అస్తమయమగును. పని దిగిన కూలివానికి మిగులు వెలుగు కొంచెమే. దానిని అతడు ఎట్లు గడుపవలెను?

మద్యపు దుకాణము ఒక త్రోవ. అలసటను అది మరపించును గాని తీర్చదు. కూలి డబ్బును మాత్రము తీసికొనును. ఇద్దరు ముగ్గురు స్నేహితులతో చిన్న పడవ నెక్కుట మరియొక త్రోవ. డిగ్లీపూరు రేవైన ఏరియల్ బే నుండి చూచినయెడల, ఇసుక తిన్నెతో ఒకదానితో నొకటి కలిసిన రాస్, స్మిత్ దీవులు ఎదుట నుండును. దక్షిణమున 732 మీటర్ల శాడిల్ పీక్ శిఖరము నిలిచియుండును. గాలము, నైలాను దారము, సీసపు గుండు, కొంచెము ఎర ఉన్న చాలును. సంజవేళ పెద్ద చేపలు మేతకు తిరుగును గనుక జాలరులు ఆ గడియను విలువగలదిగా ఎంచుదురు.

పగలంతయు గడ్డపార పట్టిన చేయి ఇప్పుడు దారమును తేలికగా పట్టవలెను. బిగించి పట్టినవానికి చేప ఎరను ముట్టిన సంగతి తెలియదు. పనికి బలము కావలెను. ఇక్కడ ఓర్పు కావలెను. పడవలో మేస్త్రీ లేడు. ఒకడు తెడ్డు వేయును, ఒకడు నీరు తోడును, ఒకడు ఎర గ్రుచ్చును.

యోహాను సువార్త 21వ అధ్యాయములో పేతురు చేపలు పట్టబోగా మరి ఆరుగురు అతనితో కూడ వెళ్లిరి. ఆ రాత్రి వారికేమియు దొరకలేదు. అయినను ఉదయమున ప్రభువు వారిని గద్దింపలేదు. దరిని నిప్పులు, చేపలు, రొట్టె సిద్ధపరచియుండెను. అలసినవారికి మొదట భోజనము పెట్టెను. పేతురుతో మాటలాడినది తరువాతనే. మార్కు సువార్త 6వ అధ్యాయములో, తినుటకైనను తీరికలేని శిష్యులను ఆయన పడవలో ఏకాంత స్థలమునకు తీసికొనిపోయెను. ఆయన విశ్రాంతిని సోమరితనముగా ఎంచలేదు. అయితే జనులు ముందుగానే ఆ దరికి చేరియుండిరి; ఆయన వారిమీద కనికరపడెను. కాబట్టి మన విశ్రాంతి పొరుగువానికి మూసిన తలుపు కాకూడదు.

ఇక్కడ ఒక పరీక్ష యున్నది. పడవ దరి చేరునప్పటికి ఇంటిలో దీపము వెలిగించియుందురు. ఉదయము నుండి నీళ్లు మోసి, పొయ్యి యూది, బిడ్డలను చూచుకొనిన భార్య అప్పుడు చేపలు తోమవలెనా? ఒకని విశ్రాంతి మరియొకరికి వెట్టి యైనయెడల అది ప్రభువు మెచ్చు విశ్రాంతి కాదు. చేపలు తెచ్చినవాడే పొలుసు తీసి, నిప్పు రాజవేయనిమ్ము. దరిని భోజనము సిద్ధపరచిన ప్రభువు అట్టి పనిని చిన్నదిగా ఎంచలేదు. ఆ దినమున జ్వరముతో పనికి రాలేకపోయిన తోటివానికిని ఒక పాలు పంపవలెను.

గాలమునకు ఏమియు పడని సాయంకాలములు కలవు. చీకటి పడకమునుపు, గాలి మారకమునుపు, స్నేహితులందరు క్షేమముగా దరి చేరినయెడల, ఆ సాయంకాలము వ్యర్థము కాలేదు.

ఆలోచించుటకు:
1. మీ అలసటను తీర్చునది ఏది? మరపించునది ఏది?
2. మీ విశ్రాంతి వేళ మీ ఇంటిలో ఎవరు పనిచేయుచున్నారు?
3. మీ పడవలో చోటులేక దరినే నిలిచినవాడు ఎవడు?