బీమా గణితవిద్య: తల్లిదండ్రులకు సూచనలు

గణితమునం దాసక్తిగల బిడ్డలకు ఇంజనీరింగు ఒక్కటియే మార్గము కాదు. ఆక్చువేరియల్ సైన్సు, అనగా బీమా గణితశాస్త్రమును గూడ తల్లిదండ్రులు తెలిసికొనవలెను.

వేయిమంది తలకు 1,00,000 రూపాయల చొప్పున ఏడాదికి జీవితబీమా చేసిరనుకొందము. ఆ యేడు ముగ్గురు మరణింతురని అంచనా. చెల్లింపవలసినది 3,00,000, తలకు 300 రూపాయలు. దీనికి వయస్సు, వడ్డీ, ఖర్చులు చేర్చి ప్రీమియము తేల్చువాడే ఆక్చువరీ. అంచనా తగ్గినచో సంస్థ మాట తప్పును. హెచ్చినచో బీదవాడు బీమాకు దూరమగును. 1996 నవంబరు తుపానును చూచిన యానాం వారికి, ఇండ్లకును పంటలకును ఇట్టి లెక్క యెంత యవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ వృత్తికి పట్టమొక్కటే చాలదు. పండ్రెండవ తరగతి పిమ్మట నవీ ముంబయిలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆక్చువరీస్ ఆఫ్ ఇండియా వారి ప్రవేశపరీక్షలో నెగ్గి, అనేక పరీక్షలను దాటి ‘ఫెలో’ కావలెను. ఏండ్లు పట్టును, పలువురు ఉద్యోగము చేయుచునే వ్రాయుదురు. ప్రశ్నలు ఆంగ్లమున నుండును గనుక ఆ భాషాభ్యాసము ముందే ప్రారంభింపవలెను.

జీవితబీమా, ఆరోగ్యబీమా, పింఛనునిధులు, పునర్బీమా సంస్థలలో వీరికి ఉద్యోగములు గలవు. ప్రతి జీవితబీమా సంస్థయు ఒక ఆక్చువరీని నియమించుకొనవలెనని నిబంధన. బీమా నియంత్రణ సంస్థ హైదరాబాదుననే యున్నది.

శాస్త్రము పేరు చూచి హెచ్చు రుసుములు చెల్లింపకుడు. గణితమునందో, స్టాటిస్టిక్సునందో మంచి బి.ఎస్‌సి. చదివించుచు ప్రవేశపరీక్ష వ్రాయింపుడు. పరీక్షలు మధ్యలో నిలిచినను ఆ పట్టము బిడ్డకు అన్నము పెట్టును.