చిరునవ్వు, చేతిరుమాలు

పందొమ్మిదవ శతాబ్దము చివరి దినములలో జపాను దేశపు యోకొహామా రేవుపట్టణమున విదేశీయుల కుటుంబములు పెక్కు నివసించుచుండెను. వారి యిండ్లలో జపాను స్త్రీలు దాదులుగా పనిచేయుచుండిరి. ఒకనాడు అట్టి దాది యొకతె తన యజమానురాలి కడకు వచ్చి నిలిచెను. ఆమె ముఖమున చిరునవ్వు వెలయుచుండెను. ఏదో శుభవార్త తెచ్చినదేమో యనునట్లుండెను ఆ నవ్వు. దాది తన భర్త మరణించెననియు, అంత్యక్రియలకు పోవుటకు సెలవు కావలెననియు విన్నవించెను. దొరసాని సెలవిచ్చెను. సాయంకాలమునకు దాది తిరిగివచ్చెను. ఆమె చేతిలో ఒక చిన్న పాత్ర; అందు బూడిదయు, కొన్ని యెముకల తునకలును ఉండెను. “ఈయనయే నా భర్త” అని ఆమె దొరసానికి చూపెను. చూపుచు నవ్వెను కూడ.

దొరసానికి రోత పుట్టెను. ఇట్టి హృదయములేని మనుష్యులును ఉందురా యని తనకు తెలిసిన ఒక రచయితతో చెప్పుకొనెను.

ఆ రచయిత లాఫ్కాడియో హెర్న్. అతడు 1850వ సంవత్సరమున గ్రీసు దేశపు లెఫ్కాడా ద్వీపమున జన్మించెను. తల్లి గ్రీకు వనిత. తండ్రి ఐర్లండు దేశీయుడు. హెర్న్ అమెరికాలో పత్రికా రచయితగా కొంతకాలము గడిపి, 1890వ సంవత్సరమున జపాను చేరెను. మాత్సుయే పట్టణమున బాలురకు ఇంగ్లీషు నేర్పెను. అచటనే ఒక జపాను స్త్రీని పెండ్లాడెను. 1896వ సంవత్సరమున ఆ దేశపు పౌరుడై కొయిజుమి యకుమో అను పేరు ధరించెను. దొరసాని చెప్పిన వృత్తాంతమును అతడు 1894వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో “జపానీయుల చిరునవ్వు” అను వ్యాసమున చేర్చెను. దొరసాని చూచినది అబద్ధము కాదు. చదివినది మాత్రము తప్పు అని అతడు వివరించెను.

ఆ దేశమున పిల్లలకు తల్లిదండ్రులు నమస్కారము నేర్పినట్లే చిరునవ్వును నేర్పుచుండిరట. పెద్దల యెదుట, పరుల యెదుట ముఖము ప్రసన్నముగా నుండవలెను. గుండె పగులుచున్నను ఆ పగులు ఎదుటివారికి కానరాకూడదు. తన దుఃఖము తనది. దానిని తెచ్చి యితరుల నెత్తిన వేయుట మర్యాద గాదు. దాది నవ్వు “నాకు దుఃఖము లేదు” అని చెప్పుట లేదు. “ఈ అల్పురాలి దుఃఖముచే తమ మనస్సు నొచ్చుకొన వలదు” అని చెప్పుచున్నది. దొరసానికి రోత కలిగించిన ఆ నవ్వు నిజమునకు దొరసాని యెడ చూపిన గౌరవమే.

మన తెలుగు పల్లెలలోని ఆచారము దీనికి దాదాపు వ్యతిరేకము. చావింట ఏడుపు వీధి చివరికి వినబడవలెను. పోయినవాని గుణములు ఒక్కొక్కటియే తలచుకొని స్త్రీలు శోకములు పెట్టుదురు. కన్నీరు పెట్టని కోడలిని ఊరు ఊరక విడుచునా? కావున తెలుగు కథకుడెవరైన యోకొహామా దాదిని చూచి కథ వ్రాసినచో, అతడును దొరసాని వలెనే పొరబడి యుండును. ఆమెను కథలో దుష్టురాలినిగా చిత్రించి యుండును. చదువరులు నమ్మియుందురు. ఆ దాది యెవరికిని తన మాట చెప్పుకొనజాలదు గదా!

ఈ చిరునవ్వునే తీసికొని ఒక జపాను రచయిత మిక్కిలి గొప్ప చిన్నకథను అల్లెను. అతని పేరు అకుతగవ ర్యునొసుకె. 1892వ సంవత్సరమున జన్మించి, ముప్పదియైదేండ్ల వయస్సుననే, 1927లో కన్నుమూసిన ఈ రచయితను ఆధునిక జపాను కథకు పెద్దదిక్కుగా ఎంచుదురు. “చేతిరుమాలు” అను ఈ కథ 1916వ సంవత్సరమున వెలువడెను.

కథానాయకుడు టోకియో విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. ఆయన భార్య అమెరికా వనిత. ఒక వేసవి దినమున ఆయన తన యింటి వసారాలో కుర్చీలో కూర్చుండి, స్వీడను దేశపు నాటకకర్త స్ట్రిండ్‌బెర్గ్ నాటకకళను గూర్చి వ్రాసిన పుస్తకమును చదువుచుండెను. ఇంతలో ఒక నడివయస్సు స్త్రీ ఆయనను చూడ వచ్చినదని తెలిసెను. ఆమె ఆయన శిష్యుని తల్లి. శిష్యుడు వ్యాధిగ్రస్తుడై ఆసుపత్రిలో నుండగా ఆచార్యుడు పోయి పలుకరించి వచ్చియుండెను. ఇప్పుడు కుశలమడుగగా, కుమారుడు మరణించెనని తల్లి చెప్పెను. ఆమె కంట నీరు లేదు. కంఠమున వణకు లేదు. పెదవుల కొనల చిరునవ్వు సైతము కలదు. వినువారికి, ఆమె యేదో యింటిపనిని గూర్చి ముచ్చటించుచున్నట్లే యుండెను.

ఆచార్యునికి వింత తోచెను. ఆయన యౌవనమున బెర్లిన్ నగరమున చదువుకొనెను. 1888వ సంవత్సరమున జర్మనీ చక్రవర్తి మొదటి విల్హెల్మ్ మరణించినపుడు, తాను బసచేసిన యింటి పసివాండ్రు వెక్కివెక్కి యేడ్చుట ఆయనకు జ్ఞప్తి వచ్చెను. ఎన్నడును దగ్గరగా చూడని చక్రవర్తికై ఆ పిల్లలు అట్లు ఏడ్చిరి. కన్నకొడుకును పోగొట్టుకొన్న ఈ తల్లి ఇట్లు కూర్చున్నది.

అంతలో ఆచార్యుని చేతిలోని విసనకఱ్ఱ జారి నేల పడెను. దానిని తీసికొనుటకు ఆయన వంగెను. బల్ల క్రింద, తల్లి ఒడిలో, ఆమె చేతులు కనబడెను. రెండు చేతులును ఒక రుమాలును చిరిగిపోవునంత బిగువుగా పట్టుకొని వణకుచుండెను. ముఖము పైన నవ్వుచునే యున్నది. దేహమంతయు క్రింద ఏడ్చుచున్నది.

అకుతగవ ఆ తల్లి దుఃఖమును గూర్చి సుదీర్ఘ వర్ణన చేయలేదు. విసనకఱ్ఱను జారవిడిచెను, అంతే. ఒక దేశపు మర్యాద తెలియని చదువరికి సైతము ఆ రుమాలు సమస్తమును చెప్పును. మర్యాద తెలిసిన చదువరికి చిరునవ్వు కూడ చెప్పును.

కథ అచ్చటనే ముగిసినచో అది చక్కని కథయే యగును. కాని రచయిత ఇంకొక మలుపు త్రిప్పెను. అతిథి వెడలిన పిదప ఆచార్యుడు ఆ తల్లి నిగ్రహమును తలచుకొని, జపాను స్త్రీల ధీరత్వమని మురిసిపోవుచు భార్యకు వర్ణించి చెప్పెను. తరువాత స్ట్రిండ్‌బెర్గ్ పుస్తకమును మరల తెరచెను. ఒక నటీమణి ముఖమున నవ్వుచు చేతులతో రుమాలును చించునట్టి నటనచే పూర్వము పేరు పొందెననియు, ఇప్పుడది వట్టి అలవాటు నటనగా దిగజారెననియు అందు కానవచ్చెను. ఆచార్యుని ప్రసన్నత చెదరిపోయెను. తాను చూచిన దానికి విలువ తగ్గినదా? తగ్గలేదా? ఆయనకు తేలలేదు. కథ ఆ కలవరముతోనే ముగియును.

ఈ మలుపు కథలు వ్రాయబోవు వారికి మిక్కిలి పనికివచ్చునది. ఏ దేశమున ఏ సంజ్ఞకు ఏ అర్థమో పట్టిక వ్రాసికొని, జపానీయుడు కనబడిన చోటనెల్ల చిరునవ్వును అతికించినచో అది మరల అబద్ధమే యగును. దొరసాని చిరునవ్వును తప్పుగా చదివెను. ఆచార్యుడు సరిగా చదివి కూడ, ఒక తల్లిని తన దేశమునకు గురుతుగా మార్చివేసెను. రెండవ పొరపాటు చదువుకొన్నవారు చేయునది గనుక త్వరగా పట్టుబడదు.

ముఖకవళికలు మానవులందరికిని ఒక్కటేనా యను ప్రశ్నపై శాస్త్రజ్ఞులు నేటికిని వాదించుకొనుచున్నారు. చార్లెస్ డార్విన్ 1872వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున, ప్రధాన భావములు ఎల్ల జాతులవారి ముఖములందును ఒకే రీతిగా పొడసూపునని వాదించెను. సరిగా నూరేండ్లకు, 1972లో, వాలెస్ ఫ్రీసెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుని పరిశోధన వెలువడెను. జపాను, అమెరికా విద్యార్థులకు భీతి గొల్పు చలనచిత్రములను చూపగా, ఒంటరిగా నున్నప్పుడు ఉభయుల ముఖములును ఒకే తీరున ముడుచుకొనెను. గదిలో మరియొకరు ఉన్నప్పుడు మాత్రము జపాను విద్యార్థులు చిరునవ్వుతో ఆ బాధను కప్పుకొనిరి. కాని కథ ఇంతటితో తీరలేదు. 2016లో వెలువడిన మరియొక పరిశోధన ప్రకారము, కన్నులు విప్పార్చి నోరు తెరచిన ముఖమును పాశ్చాత్యులు భయమనగా, పసిఫిక్ మహాసముద్రమునందలి ట్రోబ్రియాండ్ ద్వీపవాసులు దానిని బెదిరింపుగా గ్రహించిరి.

తల యూపు సంగతి ఇంకను చిక్కైనది. బల్గేరియా దేశమున తలను అడ్డముగా త్రిప్పుట “ఔను” అనుటకు గురుతు. పైకెత్తుట “కాదు” అనుటకు గురుతు. 1877–78 యుద్ధమున ఆ దేశమునకు వెళ్ళిన రష్యా సైనికులు ఈ తారుమారును చూచి విస్తుపోయిరి. మన తెలుగువారు వినుచున్న మాట నచ్చినపుడు తలను ఇరుప్రక్కలకు మెల్లగా ఊగింతురు. క్రొత్తగా వచ్చిన విదేశీయుడు దానిని నిరాకరణ మనుకొని తికమక పడును. ఈ ఊపు నేటిది కాదు. నందికేశ్వరుని “అభినయదర్పణము” తొమ్మిది శిరోభేదములను చెప్పుచు, చామరము వలె ఇరుప్రక్కలకు ఊగు తలకు “పరివాహితము” అని పేరిడి, సంతోషమును ఆమోదమును చూపుటకు దానిని వాడవలెనని విధించెను. “కాదు” అనుటకు వేరొక భేదము కలదు. ఈ గ్రంథమును ఆనంద కుమారస్వామితో కలిసి ఆంగ్లమున 1917లో వెలువరించినవాడు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యయే. చీరాల పేరాల ఉద్యమమున ప్రసిద్ధుడైన ఆ నాయకునికి అభినయశాస్త్రముతోను ఇంతటి పరిచయ ముండుట పలువు రెరుగరు.

ఇక తెలుగు కథను అన్యభాషలోనికి మార్చువాని యవస్థ చూడుడు. “ఆమె ముక్కున వ్రేలు వేసికొనెను” అని మన కథకుడు వ్రాయును. ఆశ్చర్యమని మనకు తెలియును; విదేశీ పాఠకునికి అది శుభ్రత తెలియని చేష్టగా తోచును. ముద్దు బిడ్డకు దిష్టి తీయుచు అవ్వ మెటికలు విరుచును. జగడములో పొరుగింటిదానిని శపించుచు అదే అవ్వ అవే మెటికలు విరుచును. ఒకే వీధిలో, ఒకే చేతులలో అర్థము మారుచుండగా, సముద్రము దాటిన పిమ్మట చెప్పవలసిన దేమున్నది? ఆంగ్ల నవలలను తెలుగు చేయువారును ఇట్లే “అతడు భుజములు ఎగురవేసెను” అని వ్రాయుదురు. మన తాతలలో ఎవరైన భుజములు ఎగురవేయగా చూచినవారు కలరా? వారు పెదవి విరిచియుందురు, లేదా చేయి త్రిప్పియుందురు.

గురువు మందలించుచుండగా మన పల్లెటూరి బాలుడు తల వంచుకొని, బొటనవ్రేలితో నేల రాయుచు నిలుచును. అది వినయము. కన్నులలోనికి సూటిగా చూచినచో పొగరందురు. అదే నిలుపును అమెరికాలో చూచిన ఉపాధ్యాయుడు, తప్పు చేసినవాడు గనుకనే చూపు తప్పించుచున్నాడని తలచుట కద్దు. కథకుడు ఆ బాలుని మాత్రమే వర్ణించిన చాలదు. ఎదుట నున్నవాడు ఆ వంచిన తలను ఎట్లు గ్రహించెనో కూడ చూపవలెను. ఉపాధ్యాయుని కంఠము మెత్తబడినచో వినయమని దూరదేశపు పాఠకుడును తెలిసికొనును. బెత్తము పైకి లేచినచో, నిరపరాధి యగు బాలునకు కీడు మూడుచున్నదని గ్రహించును.

హెర్న్ వ్రాసిన వృత్తాంతమున దాది బూడిద పాత్రను చూపి నవ్విన తావుననే దొరసాని మాటలు ఆగిపోవును. ఆ రాత్రి దాది తన గది తలుపు మూసికొని, పాత్రను ఎదుట పెట్టుకొని, ఎవరును లేనిచోట ఎట్టి ముఖముతో కూర్చుండెనో దొరసాని చూడలేదు.