లెక్క ఆగిన చోట ఎవరున్నారు?

చదువుల విషయంలో మన ఇళ్లలో ఎంపిక అంటే ర్యాంకులు చూడటమే. ఏ కాలేజీకి ఎన్ని ర్యాంకులొచ్చాయో పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన చూసి, తెలిసినవాళ్లని ఓ మాట అడిగి, ఫీజు కట్టేస్తాం. అమెరికాలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ అలవాటు అక్కరకు రాదు. పద్నాలుగేళ్ల అమ్మాయికి ఆన్‌లైన్‌లో హైస్కూల్ లెక్కల కోర్సు వెతుకుదామని కూర్చుంటే ర్యాంకుల పట్టిక ఎక్కడా కనిపించదు. ప్రతి కోర్సూ పిల్లలకు లెక్కలంటే ఇష్టం పుట్టిస్తానంటుంది. ప్రభుత్వం కూడా పెద్దగా దారి చూపదు. టెక్సాస్‌లో ఇంటి చదువు ప్రైవేటు బడి కిందికే వస్తుందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో తేల్చింది. అక్కడ లెక్కలు నేర్పాలన్న నియమం ఉంది, ఏ పుస్తకంతో నేర్పుతున్నారని మాత్రం ఎవరూ అడగరు. న్యూయార్క్‌లో అయితే ఏడాది మొదట్లో ప్రణాళిక ఇవ్వాలి, ఏడాదిలో నాలుగుసార్లు నివేదికలు పంపాలి. అక్కడైనా కోర్సును ఎంచుకోవాల్సింది ఇంటివాళ్లే.

అందుకని అందరూ "ఏది బెస్ట్?" అని అడుగుతారు. నన్నడిగితే, అడగాల్సింది ఇంకొకటి. లెక్క మధ్యలో పిల్ల ఆగిపోయినప్పుడు ఆ కోర్సులో ఏం జరుగుతుంది? పాఠం బాగా చెప్పేవాళ్లకు ఇప్పుడు కరువు లేదు. కానీ పిల్ల ఆగిపోయిన ఆ పది నిమిషాల్ని ఒక్కో కోర్సు ఒక్కోలా చూస్తుంది. లెక్కల సంగతి అలా ఉంచితే, ఓర్పు, సిగ్గు, సాయం అడిగే ధైర్యం, తప్పించుకునే తెలివి, వీటిలో ఏది అలవాటవుతుందో తేలేది ఆ పది నిమిషాల్లోనే.

దానికంటే ముందు స్థాయి తేల్చుకోవాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన నాన్న ఇక్కడే తొందరపడతాడు. మన పదో తరగతి పుస్తకంలో బీజగణితం, రేఖాగణితం, త్రికోణమితి, సంభావ్యత అన్నీ కలిసే ఉంటాయి. అమెరికాలో మామూలుగా ఏడాదికొకటి: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, చివర్లో కాల్క్యులస్. కాబట్టి తరగతి నంబర్లు పక్కపక్కన పెట్టి పోల్చితే లెక్క కుదరదు. "ఇదంతా మేం ఎనిమిదిలోనే చేసేశాం" అని ఒక ఏడాది దాటించేస్తే, ఆ లోటు ఆల్జీబ్రా 2లో బయటపడుతుంది. చాలాసార్లు అక్కడ తడబడేది కొత్త పాఠంలో కాదు, పాత భిన్నాల దగ్గర, మైనస్ గుర్తుల దగ్గర. చాలా కోర్సుల సైట్లలో స్థాయి తెలిపే పరీక్ష ఉచితంగానే ఉంటుంది. దాన్ని పిల్ల ఒక్కతే రాయాలి. అమ్మ వెనక నిలబడి "సైన్ చూసుకో" అంటే ఆ మార్కులు అమ్మవి.

ఇక ఆగిపోయే చోటు. ఖాన్ అకాడమీ పుట్టుక కథలోనే దీనికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. 2004లో సల్మాన్ ఖాన్ బోస్టన్‌లో ఉద్యోగం చేస్తూ, న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న నాదియా అనే వరసకు చెల్లెలికి ఫోన్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. బంధువుల పిల్లలు ఇంకొందరు చేరేసరికి 2006లో వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. నువ్వు ఎదురుగా చెప్పేదానికంటే వీడియోలోనే బాగున్నావని వాళ్లు తేల్చేశారట. ఆయనే నవ్వుతూ చెప్పుకున్న మాట ఇది. ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది. అర్థం కానిచోట వీడియోని ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పొచ్చు, "ఇంకా అర్థం కాలేదా" అని ఎవరూ అడగరు. సిగ్గుపడే పిల్లలకు అదెంత ఊరటో పెద్దవాళ్లకు సులువుగా తెలియదు. కానీ ఇంకోవైపు చూడండి. నాదియా ఎక్కడ తడబడుతోందో ఫోన్లో వింటూ పట్టుకున్న మనిషి వీడియోలో లేడు. చెప్పడం వీడియోలోకి ఎక్కింది, వినడం ఎక్కలేదు. ఉచితంగా దొరికే ఇంత మంచి వనరు ఇంకొకటి ఉందని నేననుకోను, అయినా దాన్నే పూర్తి కోర్సుగా పెట్టుకుంటే ఆ వినే పని ఇంట్లో ఎవరో ఒకరు చేయాలి.

ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ దీనికి పూర్తిగా ఎదురు దారి. రిచర్డ్ రస్జిక్ స్థాపించిన ఈ సంస్థ పుస్తకాల్లో సాధారణంగా ముందు లెక్క వస్తుంది, వివరణ తర్వాత వస్తుంది. దాని ఆన్‌లైన్ తరగతిలో ముఖాలు కనిపించవు, గొంతులు వినిపించవు, అంతా టైపు చేసుకోవడమే. ఇక్కడ ఆగిపోవడం ప్రమాదవశాత్తూ జరగదు, కోర్సే పిల్లని కావాలని ఆపుతుంది. బడి లెక్కలు చకచకా చేసేసి విసుగెత్తిన పిల్లలకు ఇది పండగ. ఇంతవరకూ ఎప్పుడూ తప్పు పోని, తప్పు పోతే తట్టుకోలేని పిల్లలకు మొదటి రెండు నెలలు నరకం. ఆ నరకం మంచిదేనని తోసెయ్యడం నాకు ఇష్టం లేదు. కొందరు అందులోంచి గట్టిపడి వస్తారు, కొందరు "నాకు లెక్కలు రావు" అన్న తీర్పు తమకు తామే ఇచ్చుకుని వస్తారు. ఎవరు ఏ రకమో తల్లిదండ్రులకు ముందే తెలిసి ఉంటుంది, ఒప్పుకోవడమే కష్టం.

మూడో దారి శాక్సన్ పుస్తకాలది. పాఠం చిన్న ముక్క, దాని కింద నాలుగైదు కొత్త లెక్కలు, మిగతావన్నీ పాత పాఠాలవి కలగాపులగంగా. చూడటానికి చప్పగా ఉంటుంది, పిల్లలు మొహం ముడుచుకుంటారు. కానీ ఈ కలగాపులగానికి బలముందని చెప్పే పరిశోధన ఒకటుంది. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కట్టడం నేర్పి, 2007లో ఫలితాలు ప్రచురించారు. ఒక జట్టు ఒకే రకం లెక్కలన్నీ వరసగా చేసింది, రెండో జట్టు నాలుగు రకాలనూ కలిపి చేసింది. అభ్యాసం చేసేటప్పుడు మొదటి జట్టుదే పైచేయి, 89 శాతం సరి. రెండో జట్టుకు 60. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటి జట్టు 20 శాతానికి పడిపోయింది, రెండో జట్టు 63 దగ్గర నిలబడింది. ట్రయల్ వారంలో ఒకే రకం లెక్కలతో వంద శాతం తెచ్చుకుని మురిసిపోతున్న ఇంటికి ఈ నాలుగు అంకెలూ చూపించాలి. కోర్సు ఏదైనా సరే, అందులో పాత లెక్కలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయా లేదా చూడండి. ఎదురవ్వకపోతే ఆదివారం ఆదివారం మీరే ఓ పది ఏరి ఇవ్వండి.

ఇంకో ప్రశ్న మనవాళ్లు అస్సలు అడగరు. పిల్ల రాసిన స్టెప్పుల్ని ఎవరైనా చదువుతున్నారా? ఎంసెట్‌లో బబుల్స్ నింపి గట్టెక్కిన మనకు జవాబు వస్తే లెక్క అయిపోయినట్టే. చాలా ఆన్‌లైన్ కోర్సుల్లో యంత్రం కూడా అంతే, చివరి అంకె చూసి టిక్కు కొడుతుంది. కానీ అమెరికాలో హైస్కూల్ పిల్లలు రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాల్క్యులస్ పరీక్షలో సగం మార్కులు రాసి చూపించాల్సిన ప్రశ్నలవి. వాటిని మనుషులు చదివి మార్కులేస్తారు. మనం నేర్చుకునే పుస్తకం మన చేతిరాతలోకి ఎలా దిగుతుందో తెలుసుకోవాలంటే రామానుజన్ ఉన్నాడు. కుంభకోణంలో ఆయన ఒంటరిగా కుస్తీ పట్టిన, కార్ అనే ఆయన రాసిన పుస్తకంలో వేల సూత్రాలున్నాయి, నిరూపణలు మాత్రం అరకొర. ఆయన నోటు పుస్తకాల్లోనూ ఫలితాలే ఎక్కువ, నిరూపణలు తక్కువ. రామానుజన్‌కు గణితజ్ఞుడు హార్డీ దొరికాడు. మన పిల్లలకు వారానికోసారి ఒక్క పేజీ చదివి "ఈ వరస నుంచి ఆ వరసకి ఎలా వచ్చావు?" అని అడిగే మనిషి దొరికినా చాలు. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ తరగతులు చాలావాటిలో రాసి పంపే లెక్కలుంటాయి, దిద్ది వ్యాఖ్య కూడా రాస్తారు. అలాంటిది లేని కోర్సు తీసుకుంటే ఆ పనికి విడిగా ఒక ట్యూటర్‌ను చూసుకోవాలి.

ఆ ట్యూటర్ నాన్నే ఎందుకు కాకూడదంటారా? కావచ్చు. కానీ డైనింగ్ టేబుల్ దగ్గర ఎనిమిదిన్నరకి మొదలైన లెక్క తొమ్మిదింటికి ఎలా ముగుస్తుందో తెలియని తెలుగు ఇల్లు ఉంటుందా? "ఇంత చిన్న విషయం కూడా..." అన్న వాక్యాన్ని నాన్న పూర్తి చేయకపోయినా పిల్ల పూర్తి చేసుకుంటుంది. కొన్ని ఇళ్లలో కోర్సుకు కట్టే డబ్బు లెక్కలకు కాదు, తండ్రీకూతుళ్ల మధ్య మాటలు నిలబడటానికి. అది దండగ ఖర్చని నేననను.

ఇంతకీ ఎంచుకోవాల్సింది ఎవరు? పదేళ్ల పిల్లకైతే మీరే. పద్నాలుగు దాటాక ఆ పని పిల్లదే కావాలి. మీరు మూడింటిని వడపోసి ముందు పెట్టండి. ఒక్కోదాంట్లో ఒకే పాఠాన్ని, ఉదాహరణకి వర్గ సమీకరణాల్ని, చదివి చూడమనండి. తర్వాత "ఏది నచ్చింది?" అని అడగొద్దు. "ఎక్కడ ఆగావు? ఆగినప్పుడు ఏం చేశావు?" అని అడగండి. హింట్ నొక్కాను, జవాబు చూశాను, ఇంకో వీడియో వెతికాను, కాసేపు వదిలేసి మళ్లీ వచ్చాను, ఏం చెప్పినా తప్పు లేదు. తన తీరు తనకు తెలియడం మొదలైతే చాలు. తను ఎంచుకున్న కోర్సు కష్టమైతే మీ మీద నెట్టడానికి వీలుండదు. ఆ బరువు కొంచెం మొయ్యనివ్వండి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏపీ పరీక్షకు ఇంట్లో చదివే పిల్లలు తమను అనుమతించే బడిని ముందే వెతుక్కోవాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ క్యాంపస్‌లు మూడేళ్ల లెక్కలు అడుగుతాయి, నాలుగేళ్లయితే మేలంటాయి. అటు వెళ్లాలనుంటే ఆ కోర్సుకు వాళ్ల ఆమోదం ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవాలి. కమ్యూనిటీ కాలేజీలో క్లాసు తీసుకోవడం కూడా చాలామందికి మంచి దారి. ఇండియాలో ఇంటి చదువు చదివే పిల్లలకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) ఉంది. అక్కడ లెక్క సులువు: పరీక్ష సిలబస్ ముందే తెలుసు కాబట్టి కోర్సును దానికి సరిచూసుకోవచ్చు.

చివరగా, ఎంచుకున్నది కుదరకపోతే మార్చడానికి సంకోచం వద్దు, కానీ ఏడుపొచ్చిన రోజు మార్చొద్దు. మొదటి నెలంతా రఫ్ నోటు పుస్తకం దాచండి. కొట్టివేతలున్నా ప్రయత్నం కనిపిస్తుంటే కోర్సు కష్టంగా ఉందే గానీ పనిచేస్తోంది. పేజీలు ఖాళీగా ఉండి స్క్రీన్ మీద మాత్రం టిక్కులు పెరుగుతుంటే మార్చే వేళైంది. రీఫండ్ గడువు ఏ తేదీతో ముగుస్తుందో చేరిన రోజే క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ తేదీకి వారం ముందు ఇద్దరూ కూర్చుని ఆ నోటు పుస్తకం తిరగెయ్యండి.