ఏజెంటుకి ఏ పని అప్పజెప్పాలి?

విజయవాడ

చిరంజీవి శ్రావణికి,

  

హైదరాబాద్‌లో మియాపూర్ వైపు 80 లక్షల్లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూస్తున్నారనీ, పాతదైనా ఫరవాలేదనుకుంటున్నారనీ మీ నాన్న చెప్పాడు. ఏజెంటు ఒక శాతం కమీషన్ అడిగాడట. 80 వేలు ఊరికే ఎందుకివ్వాలని అల్లుడు అంటున్నాడనీ, ఏజెంటు లేకుండా వెళ్లాలంటే నీకు భయంగా ఉందనీ కూడా అన్నాడు. నేను ఉద్యోగమంతా రిజిస్ట్రేషన్ల శాఖలో చేసినవాణ్ణి. కొనేవాళ్లనీ, అమ్మేవాళ్లనీ, వాళ్ల మధ్య నిలబడే మనుషుల్నీ దగ్గర్నుంచి చూశాను. అందుకే వివరంగా రాస్తున్నాను. ఇద్దరూ తీరిగ్గా కూర్చుని చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మంచి ఏజెంటుని పెట్టుకోండి, అతని కమీషన్ సంతోషంగా ఇవ్వండి. అయితే ఆ ఆస్తిమీద హక్కు ఎవరిదో తేల్చే పని మాత్రం అతనికి వదలకండి. బేరం కుదిరితేనే అతనికి డబ్బు. కుదరకూడని బేరాన్ని ఆపమని అతన్ని నమ్ముకుని కూర్చోవడం మీకూ మంచిది కాదు, అతనికీ న్యాయం కాదు.

ఫ్లాట్లు చూపించడమే ఏజెంటు పని అనుకుంటే 80 వేలు ఎక్కువే అనిపిస్తుంది. ఫోన్లో యాప్ తెరిస్తే కావలసినన్ని ఫ్లాట్లు కనపడుతున్నాయి కదా! యాప్‌లో దొరకనిది వేరే ఉంది. ఒకే ఏరియాలో ఏళ్ల తరబడి తిరిగిన ఏజెంటుకి ఏ అపార్ట్‌మెంట్‌లో వేసవికి బోరు ఎండిపోతుందో, ఎక్కడ మెయింటెనెన్స్ బకాయిల మీద గొడవలున్నాయో, ఏ ఫ్లాట్ ఎన్నాళ్లుగా అమ్ముడుపోకుండా ఉందో, ఎందుకు ఉండిపోయిందో తెలుసు. ఓనరు చెప్పే రేటుకీ చివరికి చేతులు మారే సొమ్ముకీ తేడా ఎంతో కూడా తెలుసు. ఈ తేడా దస్తావేజులు చూసి కనిపెట్టడం కష్టం. చాలామంది ప్రభుత్వ మార్కెట్ విలువకు దగ్గరగానే దస్తావేజులో రాయిస్తారు.

తర్వాతది బేరం. ఓనరు ఎదురుగా కూర్చుని ‘మీ ఇంటికి అంత విలువ లేదండీ’ అనడం మీవల్ల కాదు. అన్నా ఆయన నొచ్చుకుంటాడు, మాట తెగిపోతుంది. మధ్యలో మనిషి ఉంటే ఆ మాటే మెత్తగా చేరుతుంది. పది రోజులు బిగుసుకున్న ఓనరు పదకొండో రోజు దిగివచ్చినా, ఆ కబురు మోసుకొచ్చేది అతనే.

అన్నింటికన్నా పెద్దది కాగితాల వెంట తిరగడం. ఓనరుకి ఆ ఫ్లాట్ మీద ఇంకా బ్యాంకు అప్పు ఉందనుకో. మీ బ్యాంకు ఇచ్చే సొమ్ముతో ఆ అప్పు తీరాలి. ఆ బ్యాంకు ఒరిజినల్ డాక్యుమెంట్లు విడుదల చేయాలి. అవి మీ బ్యాంకుకి చేరాలి. ఈలోగా రిజిస్ట్రేషన్ స్లాట్ దాటిపోకూడదు. రెండు బ్యాంకుల్నీ, ఓనరునీ, దస్తావేజు లేఖరినీ, సాక్షుల్నీ ఒక తేదీకి ఒప్పించడం ఉద్యోగాలు చేసుకునే మీవల్ల అయ్యే పని కాదు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆస్తిపన్ను, కరెంటు మీటరు మీ పేరు మీదికి మారాలి. ఇవన్నీ దగ్గరుండి చేయించే ఏజెంటు తన 80 వేలు కష్టపడి సంపాదించుకున్నట్టే.

ఇక ఏజెంటుని ఎలా ఎంచుకోవాలో చెప్తాను. కలిసిన మొదటిరోజే అడగండి: ‘అమ్మేవాళ్ల దగ్గర కూడా కమీషన్ తీసుకుంటున్నారా?’ మన దగ్గర రెండు వైపులా తీసుకోవడం వాడుకే. అది తప్పని నేననను, దాచడం తప్పు. రెండు వైపులా తీసుకునే మనిషికి బేరం కుదరడమే ముఖ్యం. కాబట్టి మీరు ఎంతవరకు వెళ్లగలరో ఆ చివరి అంకె అతనికి చెప్పకండి.

ఇంకో ప్రశ్న: ‘ఓనరుతో ఎప్పుడు కూర్చోబెడతారు?’ ఏవేవో సాకులు చెప్పి ఓనరుని కలవనివ్వకపోతే ఆగి ఆలోచించండి. కొందరు ఓనరుతో ముందే ఒక రేటుకి అగ్రిమెంటు రాయించుకుని, దానిపైన లాభం వేసుకుని మనకు చూపిస్తారు. అలాంటివాడు మీ ఏజెంటు కాదు, మీకు సరుకు అమ్ముతున్న వ్యాపారి. తనను పెట్టుకున్నవాళ్లకి తెలియకుండా ఏజెంటు ఆ వ్యవహారంలోనే సొంత లాభం చూసుకుంటే, ఆ లాభాన్ని అడిగి తీసుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఇచ్చింది. కోర్టు చుట్టూ తిరిగి దాన్ని రాబట్టుకోవడం కన్నా ముందే ఓనరుతో ముఖాముఖి మాట్లాడుకోవడం మేలు.

ఒకవేళ మనసు మారి కొత్త ప్రాజెక్టులో కొందామనుకుంటే లెక్క వేరు. అక్కడ కమీషన్ బిల్డరే ఇస్తాడు, ఏజెంటు మీ దగ్గర పైసా అడగడు. డబ్బు ఎవరిస్తే మనిషి వాళ్ల పక్షమేనని గుర్తుంచుకోండి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఇక్కడ మీకు అండ. ఆ చట్టం పరిధిలోకి వచ్చే ప్రాజెక్టుని నమోదు చేయకుండా అమ్మకూడదు, బుకింగులు తీసుకోకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. అందులో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకి కూడా రెరా నంబరు ఉండాలి. లేకుండా వ్యాపారం చేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, అమ్మిపెట్టిన ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడుతుంది. ప్రీలాంచ్ ఆఫర్ అనీ, యూడీఎస్ (విడదీయని స్థలం వాటా) రిజిస్ట్రేషన్ అనీ, ఇప్పుడు మొత్తం కడితే సగం ధరకే వస్తుందనీ ఎవరు చెప్పినా వినకండి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే అధికారం బిల్డరుకి లేదు.

పాత ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటుకి రెరా నమోదు తప్పనిసరి కాదు. అయినా ఉన్నవాణ్ణే ఎంచుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒక పేరు, ఒక చిరునామా ప్రభుత్వ రికార్డులో ఉంటాయి.

ఇప్పుడు నేను నొక్కి చెప్పదలచిన సంగతి. ‘రిజిస్ట్రేషన్ అయిపోతుంది మేడమ్, ఇంకేం భయం?’ అని ఏజెంటు అంటాడు. పూర్తి నమ్మకంతోనే అంటాడు. కానీ సబ్ రిజిస్ట్రారు దస్తావేజుని నమోదు చేస్తాడు తప్ప అమ్మేవాడి హక్కుకి పూచీ పడడు. తమిళనాడు నిబంధన ఒకదాన్ని కొట్టేస్తూ 2025లో సుప్రీంకోర్టు కూడా, హక్కు ఉందో లేదో తేల్చే అధికారం రిజిస్టర్ చేసే అధికారికి లేదని చెప్పింది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) సంగతీ అంతే. రిజిస్టర్ అయిన లావాదేవీలే అందులో కనపడతాయి. రిజిస్టర్ చేయని వీలునామా, అన్నదమ్ముల వాటా తగాదా ఈసీలో కనపడవు.

పెళ్లి సంబంధం తెచ్చిన పెద్దమనిషి మాట గౌరవంగా వింటాం, కానీ ఆ ఇంటి గురించి ఆరా మనమే తీస్తాం. ఇక్కడా అదే పద్ధతి. మీకు మీరుగా ఒక లాయరుని పెట్టుకోండి, ఏజెంటు తీసుకొచ్చే లాయరు వద్దు. 30 ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు మొత్తం ఆయన చేతిలో పెట్టండి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్‌కి వీల్లేని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా, చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు అయిన ఎఫ్‌టీఎల్‌లోకో, దాన్ని ఆనుకున్న బఫర్ జోన్‌లోకో వస్తుందా చూడమనండి. బిల్డింగుకి ప్లాన్ అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్నాయో లేదో కనుక్కోండి. బ్యాంకు లోను ఇచ్చిందంటే అంతా బాగున్నట్టేనని అల్లుడు అనవచ్చు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు అప్పు భద్రత కోసం. మీ తరఫున చూసే మనిషి మీకు విడిగా ఉండాలి.

మరో జాగ్రత్త. హైదరాబాద్‌లో చాలా ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలో ఉంటారు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద ఇక్కడి బంధువులు అమ్ముతారు. ఇచ్చిన మనిషి చనిపోతే మామూలు జీపీఏకి విలువ పోతుంది. అందుకని ఓనరుతో వీడియో కాల్‌లో మీరే మాట్లాడండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి, ఓనరు ఇక్కడే ఉండేవాడైతే ఒక శాతం టీడీఎస్ మినహాయించి మీరే కట్టాలి. ఓనరు ఎన్నారై అయితే ఆ లెక్క పూర్తిగా మారుతుంది, మినహాయించాల్సింది బాగా పెరుగుతుంది. రేటు మాట్లాడుకునే ముందే ఆడిటరుని అడగండి.

డబ్బు విషయంలో కచ్చితంగా ఉండండి. టోకెన్ ఓనరు ఖాతాకే వేయండి. లీగల్‌గా తేడా ఉంటే టోకెన్ తిరిగిచ్చేయాలని రాయించుకోండి. స్థిరాస్తి వ్యవహారంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. సగం నగదు ఇమ్మంటే ఒప్పుకోకండి. కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, ఏ పనులు పూర్తి చేయాలి అన్నది ముందే ఒక కాగితం మీద రాసుకోండి. కొంత అగ్రిమెంటు రోజున, మిగతాది రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక ఇస్తే ఇద్దరికీ నిశ్చింత.

అల్లుడికి నా మాటగా ఒకటి చెప్పు. ఏజెంటు చూపించిన ఇంటిని, అతన్ని తప్పించి ఓనరుతో నేరుగా మాట్లాడుకుని కొనే పని మాత్రం చేయవద్దు. చాలామంది చేస్తారు. ఎండలో నలభై ఇళ్లు చూపించి, చివరికి ఫోన్ కూడా ఎత్తించుకోలేని ఏజెంట్లు ఈ ఊళ్లలో ఎందరో ఉన్నారు. మాటిచ్చిన కమీషన్ ఎగ్గొట్టి కొనుక్కునే ఇల్లు మనకు వద్దు.

ఏజెంటుకి అతని పని అప్పజెప్పండి, లాయరుకి లాయరు పని అప్పజెప్పండి, ఇద్దరికీ నిండుగా ఇవ్వండి. ఆ రెండు ఖర్చులూ కలిపినా తగాదాలో పడ్డ ఫ్లాట్ కన్నా చాలా చవక. కాగితాలు చేతికి రాగానే కాపీలు నాకు కూడా పంపు, నేనూ చూస్తాను. తొందరపడకండి.

ఆశీస్సులతో,
మీ బాబాయి