వెబ్‌సైటుకు వచ్చేవారి లెక్క: లీటర్లతో పాటు వెన్న శాతం

మన సభ్య సంఘాలలో వెబ్‌సైటు ఉన్నవి కొన్ని, పెట్టుకోదలచినవి మరికొన్ని. వెబ్‌సైటు పెట్టిన తర్వాత పాలకవర్గం అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది చూశారు?" అన్నదే. ప్రశ్న మంచిదే గాని సగమే. పాల కేంద్రానికి ఎన్ని లీటర్లు వచ్చినవో తెలిసినంత మాత్రాన మనం ధర కట్టము. వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం చూసిన తర్వాతనే కడతాము. ఈ లెక్కను కూడా అట్లాగే చూడవలసి ఉంటుంది.

ఎక్కువమంది వాడే సాధనం 2005లో వచ్చిన గూగుల్ అనలిటిక్స్. ఉచితంగా వాడే దాని పాత పద్ధతి 2023 జూలై 1 నుండి లెక్క తీసుకోవడం మానివేసింది. ఇప్పుడున్నది జి.ఎ.4. పాత కోడునే పేజీలో ఉంచుకున్న సంఘాలకు ఏ లెక్కా రాదు.

ముందుగా సంఘం పేరున ఒక ఈమెయిలు తెరవాలి. కార్యదర్శి సొంత ఈమెయిలుతో ఖాతా తెరిస్తే, ఆయన మారిన నాడు రిజిస్టరు కూడా ఆయన వెంటే పోయినట్లవుతుంది. ఖాతాలో ఒక ప్రాపర్టీ ఏర్పరచి, కాలమానం భారతదేశానికి, ద్రవ్యం రూపాయికి మార్చాలి. వెబ్‌సైటు చిరునామా ఇచ్చి డేటా స్ట్రీమ్ తెరిస్తే, ‘జి’ అక్షరంతో మొదలయ్యే గుర్తింపు సంఖ్య, చిన్న కోడు వస్తాయి. ఆ కోడును ప్రతి పేజీ తలభాగంలో పెట్టించాలి. తర్వాత మీ ఫోనులో వెబ్‌సైటు తెరిచి ‘రియల్‌టైమ్’ నివేదిక చూడండి. గత 30 నిమిషాలలో వచ్చినవారు అందులో కనబడతారు. మిగిలిన నివేదికలు స్థిరపడడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కనుక మర్నాడే కంగారు పడనక్కర లేదు.

మరొక అమరిక చాలామంది మరచిపోతారు. లోతుగా పరిశీలించే ‘ఎక్స్‌ప్లోర్’ విభాగానికి కావలసిన వివరాలు మనం మార్చకపోతే 2 నెలలే నిలువ ఉంటాయి. దానిని 14 నెలలకు పెంచుకోవచ్చు. పాలు సమృద్ధిగా వచ్చే చలికాలాన్ని, తగ్గిపోయే వేసవిని పోల్చి చూడవలసిన మనకు 2 నెలల వివరాలు ఏమూలకు?

ఇక పాలలో నీళ్ల సంగతి. సంఘం కంప్యూటరులో వెబ్‌సైటు రోజూ పదిసార్లు తెరిస్తే ఆ పదీ లెక్కలోకి వస్తాయి. సంఘం ఇంటర్నెట్టు చిరునామా స్థిరమైనదైతే, దానిని ‘ఇంటర్నల్ ట్రాఫిక్’గా చూపి తీసివేయించవచ్చు. అయితే ఆ జల్లెడ మొదట ‘టెస్టింగ్’ స్థితిలోనే ఉంటుంది. మనం ‘యాక్టివ్’ చేసిన తర్వాతనే పని చేస్తుంది. ఒకసారి తీసివేసిన వివరం మళ్లీ రాదు కనుక చిరునామా సరిచూసుకున్న తర్వాతనే చేయాలి.

వెన్న శాతం వంటిది ‘ఎంగేజ్డ్ సెషన్’. వచ్చినవారు 10 సెకండ్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తించిన పని చేసినా అది ఎంగేజ్డ్ అవుతుంది. ఇక్కడ మా అభిప్రాయం ఒకటి చెప్పాలి. పదిహేను రోజుల పాల బిల్లు చూసుకోవడానికి వచ్చిన రైతు ఎనిమిది సెకండ్లలో చూసుకొని వెళ్లిపోతే, ఈ సాధనం దృష్టిలో అది వెన్నలేని పాలు. మన దృష్టిలో అంతకంటే చిక్కని పాలు లేవు. అందుచేత ‘బిల్లు చూడడం’ అన్నదానిని ముఖ్యమైన పనిగా, అంటే ‘కీ ఈవెంట్’గా, తప్పక గుర్తించండి.

పట్నం కొనుగోలుదారుల విషయం వేరు. హైదరాబాదులోని కవాడిగూడలో (కావడి వినిపించే పేరు పాలవారికి నచ్చకుండా ఉంటుందా!) ఒక సంఘం పాలు అమ్ముతున్నదనుకుందాము. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలున్న సి.జి.ఓ. టవర్స్ అక్కడే ఉన్నది. అందులోని ఉద్యోగి ఒకరు ఆఫీసు కంప్యూటరులో ఒకసారి, సొంత ఫోనులో ఒకసారి వెబ్‌సైటు చూస్తే లెక్కలో ఇద్దరుగా పడవచ్చు. పల్లెలో ఒకే ఫోనులో ఇంటిల్లిపాదీ చూస్తే ఒక్కరుగానే పడతారు. పైగా నివేదిక ఊరి పేరు చెబుతుంది గాని పేట పేరు చెప్పదు. ఊరి పేరు కూడా అంచనాయే. నల్లగొండ జిల్లా పల్లెలోని ఫోను హైదరాబాదు ఖాతాలో పడినా ఆశ్చర్యపోవద్దు. కవాడిగూడ సంగతి వేరుగా తెలియాలంటే అక్కడి దుకాణంలో అతికించే క్యూ.ఆర్. కోడుకు వేరే చిరునామా ఇవ్వాలి. చిరునామా చివర ‘యు.టి.ఎం. సోర్స్’ అనే గుర్తు, దాని పక్కన కవాడిగూడ పేరు చేర్చితే, ఆ కోడు ద్వారా వచ్చినవారు ‘ట్రాఫిక్ అక్విజిషన్’ నివేదికలో విడిగా కనబడతారు.

సభ్యుల వివరాల విషయంలో మాత్రం ఉపేక్ష పనికిరాదు. కొన్ని వెబ్‌సైటులలో బిల్లు పేజీ తెరవగానే పై చిరునామాలో సభ్యుని ఫోను నంబరు కనబడుతుంది. అనలిటిక్స్ పేజీ చిరునామాను ఉన్నదున్నట్లు పంపుతుంది కనుక నంబరూ దానితో పోతుంది. వ్యక్తులను గుర్తించే వివరాలు పంపరాదని గూగుల్ నిబంధనలలోనే ఉన్నది. సభ్యుల సమ్మతి కోరవలసి వస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఆ నోటీసును ఇంగ్లీషులో గాని ఎనిమిదవ షెడ్యూలులోని భాషలో గాని చదువుకొనే వీలు వారికి కల్పించాలి. మన సభ్యులకు తెలుగులోనే ఇవ్వండి. వివరాలు బయటికి పోకూడదనుకుంటే మటోమో అనే సాధనాన్ని సొంత సర్వరులో నడుపుకోవచ్చు. అయితే సర్వరు చూసే మనిషి కావాలి గనుక అది ఒక్క సంఘానికి భారమే. జిల్లా యూనియన్ స్థాయిలో ఆలోచించదగినది.

కోడు పెట్టించే ముందు ఒక సభ్యుని బిల్లు పేజీ తెరిచి పై చిరునామా చదవండి. అందులో ఫోను నంబరు కనబడితే, వెబ్‌సైటు చేసినవారిచేత అది తీయించిన తర్వాతనే కోడు పెట్టించండి.