సున్నంలో దాగిన లోహం

పిల్లలూ, పెళ్ళిళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎప్పుడైనా చూశారా? ఆ ఎరుపు రంగు డబ్బాలోంచి వచ్చింది కాదు. పసుపు నీళ్ళలో కాస్త సున్నం కలిపితే వస్తుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. మీ స్కూల్లో లిట్మస్ కాగితం చేసే పనిని మన ఇళ్ళలో పసుపు ఎప్పటినుంచో చేస్తోందన్నమాట!

మరి సున్నానికి ఆ గుణం ఎలా వచ్చింది? అందులో కాల్షియం అనే లోహం ఉంది. పాలలో ఉండేదీ అదే, కానీ అక్కడ అది తన రెండు ఎలక్ట్రాన్లను ఎప్పుడో ఇచ్చేసి నెమ్మదించింది. లోహంగా ఉన్న కాల్షియం మాత్రం అలా కాదు. చిన్న ముక్క నీళ్ళలో వేస్తే మునుగుతుంది, ఒళ్ళంతా బుడగలు కట్టి పైకి లేస్తుంది. ఆ బుడగలు హైడ్రోజన్. నీరు వేడెక్కి, పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. ఆ తెలుపే కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మన తడిసున్నం.

ఆవర్తన పట్టికలో కాల్షియం ఉండేది రెండో నిలువు వరుసలో. ఈ కుటుంబాన్ని తెలుగు పుస్తకాల్లో క్షారమృత్తిక లోహాలు అంటారు. మృత్తిక అంటే మట్టి. ఎంత కాల్చినా కరగని సున్నంలాంటి పదార్థాలను పాతకాలపు శాస్త్రవేత్తలు మట్టి కింద జమకట్టారు. వాటి లోపలి లోహాలను 1808లో లండన్‌లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో బయటికి తీశాడు.

ఈ వరుసలో పైనున్న బెరీలియం నీళ్ళను పట్టించుకోదు. మెగ్నీషియం చన్నీళ్ళలో బద్ధకంగా ఉంటుంది, ఆవిరి తగిలితే మాత్రం భగ్గుమంటుంది. కాల్షియం సంగతి చూశాం. దాని కిందనున్న స్ట్రాన్షియం, బేరియం ఇంకా దూకుడు, అందుకే వాటిని నూనెలో దాస్తారు. కారణం తేలికే. కిందికి వెళ్ళేకొద్దీ అణువు పెద్దదవుతుంది, బయటి రెండు ఎలక్ట్రాన్లు కేంద్రానికి దూరమవుతాయి, పట్టు సడలుతుంది. నీళ్ళు వాటిని సులువుగా లాగేసుకుంటాయి.

ఇక బట్టీ దగ్గరికి వద్దాం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే పొడిసున్నం వస్తుంది. దాని మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. ఇక్కడ హైడ్రోజన్ రాదు, ఎందుకంటే కాల్షియం అప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయింది. వేడి మాత్రం దండిగా వస్తుంది. ఊళ్ళో వెల్ల వేయడానికి సున్నం తడిపేటప్పుడు పిల్లల్ని దూరంగా తరిమేది అందుకే. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, చెబుతారు.

పెద్దలకో మాట. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు కిళ్ళీ సున్నం పొట్లాలు, ట్యూబులు పిల్లల చేతికి అందనీయకండి. నొక్కినప్పుడు చిమ్మి కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. నలపనీయకుండా వెంటనే ధారగా మంచినీళ్ళు పోస్తూనే ఉండాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పసుపును ఎర్రగా మార్చే ఆ క్షారమే కంటిపొరనూ తినేస్తుంది.

భయపడకుండా చేసే ప్రయోగం ఒకటుంది. ఊరగాయలకు వాడే సున్నం అరచెంచా తీసుకుని, కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుని, నాన్నగారు గ్లాసుడు నీళ్ళలో కలపాలి. తేరాక పైనున్న సున్నపుతేటను వేరే గ్లాసులోకి వంచి, ఎవరూ తాగకుండా చీటీ అంటించి, ఎత్తుగా పెట్టండి. మర్నాటికి నీటి మీద పలుచని తెల్లపొర కడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని, సున్నం మళ్ళీ రాయిగా మారుతోంది.