స్వరలిపి చదువుకొందాము



తిరుత్తంగల్‌లో పెరుగుతున్న మన పిల్లలు పాటలన్నీ విని నేర్చుకొంటున్నారు. విన్న పాట నలుగురి నోట నాలుగు విధాలవుతుంది. వ్రాసిన పాట నిలుస్తుంది. ఇందుకు మాదిరి మనకు దగ్గరలోనే ఉన్నది. కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు గారు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలోనే ప్రకటించారు. ఆయనను ఈ పనికి ప్రోత్సహించిన చిన్నస్వామి ముదలియారు గారు క్రైస్తవులు. వారు మన కృతులను పాశ్చాత్యుల ఐదు గీతల పద్ధతిలో అచ్చు వేయించారు.

మన స్వరలిపి పుటను ఇలా చదవాలి:

1. మొదట రాగం, తాళం పేర్లు ఉంటాయి.

2. పై వరుసలో స్వరాలు, క్రింది వరుసలో సాహిత్యం. ఏ మాట ఏ స్వరం క్రింద ఉన్నదో అక్కడే పలకాలి.

3. 'స' అంటే ఒక అక్షరకాలం, 'సా' అంటే రెండు.

4. స్వరం పైన చుక్క ఉంటే తారస్థాయి, క్రింద ఉంటే మంద్రస్థాయి.

5. నిలువు గీతలు తాళ భాగాలను చూపుతాయి. ఆదితాళంలో:

స రి గ మ | ప ద | ని స ||

నాలుగు, రెండు, రెండు, మొత్తం 8. ఇక్కడ చివరి 'స' తారస్థాయిది గనుక దానిపై చుక్క పెట్టాలి.

ఐదు గీతల పద్ధతిలో గుర్తు ఉన్న చోటును బట్టి స్వరం తెలుస్తుంది. మన పద్ధతిలో అక్షరమే స్వరం. తెలుగు అక్షరాలు రాని బిడ్డకు ఈ పుట మూగదే. కాబట్టి ముందు ఈ ఏడక్షరాలు మన ఇండ్లలో నేర్పుదాము. తరువాత తెలిసిన కీర్తన పల్లవిలో ఒక్క ఆవర్తం వ్రాసి, తాళం వేస్తూ సరిచూచుకొందాము.